తెలిసో తెలియకో అనకు, నాయనా

నాయనా,

అస్సలాము అలైకుమ్. రాత్రి చివర్లో తహజ్జుద్ నమాజుకు లేచినప్పుడు నీ మెసేజ్ చూశాను. నిద్ర పట్టడం లేదని, మసీదుకు పోవాలంటే ముఖం చెల్లక రెండు శుక్రవారాలు జుమా నమాజు మానేశానని రాశావు. పనిచేసే షాపు గల్లా పెట్టెలోంచి ఏడాదిగా అప్పుడింత ఇప్పుడింత తీసింది లెక్కేస్తే 18 వేలు అయిందన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ముందు మసీదు సంగతి. గల్లా పెట్టె తప్పు ఒకటి ఉండగా నమాజు మానిన తప్పు ఎందుకు కలుపుకుంటున్నావు? ఈ రోజు మధ్యాహ్నం జొహర్ నమాజుకే వెళ్లు. నీ ముఖం మీద ఏమీ రాసి ఉండదు.

ఇమాం సాబ్‌కు చెప్పుకుంటే మాఫీ అవుతుందా అని అడిగావు. కాదు. మన దీన్‌లో, మన ధర్మంలో, అల్లాహ్ తరఫున మాఫీ చేసే మనిషి ఎవరూ లేరు. ఇమాం సాబ్ దగ్గర మసలా, అంటే ధర్మసందేహం, అడగొచ్చు, అంతే. ఖురాన్‌లో జుమర్ సూరా 53వ ఆయత్‌లో, ఆ వాక్యంలో, అల్లాహ్ తన కారుణ్యం మీద ఆశ వదులుకోవద్దని చెప్పింది ఎవరికో చూడు. హద్దు మీరి తమకు తాము అన్యాయం చేసుకున్న వాళ్లకు. వాళ్లనే "నా దాసులారా" అని పిలిచాడు. నాకు వయసు పెరిగేకొద్దీ ఆ పిలుపు దగ్గరే గొంతు పట్టేస్తుంది.

తెల్లవారుజామున ఫజ్ర్ నమాజుకు గంట ముందు లేచి, కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కుని వజూ చేసుకో. తౌబా, అంటే పశ్చాత్తాపం, కోసం రెండు రకాతులు నఫిల్ నమాజు చదువు. నమాజులో అరబీ. సలాం తిప్పాక చేతులెత్తి తెలుగులోనే మాట్లాడు, ఆయనకు రాని భాష లేదు. సయ్యదుల్ ఇస్తిగ్ఫార్ అనే క్షమాపణ దుఆ రాకపోతే నేర్చుకో. అందులో "అబూఉ లక బినిఅమతిక అలయ్య, వ అబూఉ బిజమ్బీ" అని వస్తుంది. నువ్వు నాకు చేసిన మేలు ఒప్పుకుంటున్నాను, నా పాపమూ ఒప్పుకుంటున్నాను అని. మేలు ముందు, పాపం తర్వాత. ఆ వరసలోనే చెప్పుకో, కళ్లు వాటంతటవే తడుస్తాయి. తడవకపోయినా టెన్షన్ పడకు.

ఒక్క మాట మాత్రం నోట రానివ్వకు. "తెలిసో తెలియకో చేసిన తప్పులు మన్నించు" అంటాం కదా, అది వేరే రోజు దుఆకు దాచుకో. నువ్వు తెలిసే చేశావు. గల్లా తాళం చెవి నీ చేతిలో ఉంది, కెమెరా ఎటు తిరిగి ఉందో చూసుకుని మరీ తీశావు. అదంతా ఉన్నది ఉన్నట్టు చెప్పు. తౌబా తౌబా అని చెంపలు తట్టుకోవడం మనకు అలవాటైపోయింది. చెయ్యి ఇంకా గల్లాలోనే ఉంటే చెంపలు నొప్పి తప్ప ఏముంది?

నీ మెసేజ్‌లో మూడొంతులు జీతం చాలదు, రూమ్ అద్దె ఎక్కువ, తోటివాళ్లూ చేస్తారు అన్న సంగతులే ఉన్నాయి. నువ్వు ప్రవక్త (స) సహచరుడు కాబ్ బిన్ మాలిక్ (రజి) కథ వినాలి. హిజ్రీ 9లో ప్రవక్త (స) వెంట అందరూ కదలాల్సిన తబూక్ యుద్ధ ప్రయాణం. మండే ఎండలు, తోటల్లో పండ్లు పక్వానికి వచ్చిన రోజులు. రేపు బయల్దేరతాను, ఎల్లుండి కలుస్తాను అనుకుంటూ కాబ్ మదీనాలోనే ఉండిపోయారు. ప్రవక్త (స) తిరిగొచ్చాక 80 మందికి పైగా వచ్చి సాకులు చెప్పారు, ఒట్లు వేశారు. ఆయన పైకి ఒప్పుకుని, లోపలి సంగతి అల్లాహ్‌కు వదిలేశారు. కాబ్ మాటకారి, కావాలంటే మంచి సాకే అల్లగలరు. కానీ "నాకు ఏ సాకూ లేదు, ఆ రోజుల్లో ఉన్నంత స్థితిమంతుణ్ని ఎప్పుడూ కాదు" అన్నారు. ఆయనతో, అలాగే నిజం చెప్పిన మరి ఇద్దరితో ప్రవక్త (స) ఆజ్ఞ ప్రకారం 50 రోజులు ఊళ్లో ఎవరూ మాట్లాడలేదు. యాభయ్యో తెల్లవారి ఫజ్ర్ చదువుకుని ఇంటి మీద కూర్చుని ఉండగా సల్అ కొండ మీంచి కేక వినపడింది, కాబ్, శుభవార్త అని. అల్లాహ్ ఆయన తౌబా ఒప్పుకున్నాడు. అక్కడే సజ్దాలో పడిపోయారు. వార్త తెచ్చినవాడికి ఒంటి మీది బట్టలు ఇచ్చేసి, తాను అరువు బట్టలతో మసీదుకు వెళ్లారు. ఆస్తంతా సదఖా, అంటే దానం, చేస్తానంటే ప్రవక్త (స) కొంత ఉంచుకోమన్నారు. రెండు నెలల జీతం మొత్తం ఇచ్చేసి రోజూ ఉపవాసం ఉంటానని రాశావు చూడు, అందుకే ఇది కూడా చెప్పాను. తిండి తిను, అద్దె కట్టు.

ఇక డబ్బు. మసీదు చందా డబ్బాలో వేస్తానన్నావు. ఎవరి డబ్బు ఎవరు వేస్తారు? యజమాని బతికే ఉన్నాడు, ఇల్లూ తెలుసు, అది ఆయనకే చేరాలి. దొంగిలించానని ఆయన ముందు చెప్పి తీరాలని లేదు, ఏదో దారిన సొమ్ము చేరితే చాలని ఉలమా, మన ధర్మ పండితులు, అంటారు. నీ దారి సరైందో కాదో ధర్మం ఏం చెబుతుందో తేల్చి చెప్పే ఒక మంచి ముఫ్తీని అడుగు. నెలకు 3 వేలు వేసినా ఆరు నెలలు. స్నేహితుల గ్రూపులో మాత్రం చెప్పుకోకు. రాత్రి అల్లాహ్ కప్పి ఉంచినదాన్ని పొద్దున్నే తానే విప్పి చెప్పుకునేవాణ్ని ప్రవక్త (స) గట్టిగా తప్పుపట్టారు. సలహా కోసం నాకు చెప్పావు, అక్కడితో ఆపు.

ఇప్పుడు నా సంగతి. ఇరవై రెండేళ్లప్పుడు బట్టల కొట్లో పనిచేశాను. మీటరు కడ్డీకి పట్టి కొలిచేటప్పుడు గుడ్డను కాస్త లాగేవాణ్ని. రవిక గుడ్డకు నాలుగు వేళ్లు మిగిలేది. సేటు మెచ్చుకునేవాడు. ఒక జుమాలో ముతఫ్ఫిఫీన్ సూరా మీద బయాన్, ప్రసంగం, విన్నాను, తూకంలో కొలతలో తగ్గించేవాళ్లకు వినాశనమని. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. కొన్నవాళ్లు చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు, ఎవరని వెతకను? ఒక ఆలిం, ధర్మ పండితుడు, చెప్పినట్టు అంచనా కట్టి, వాళ్ల పేరున పేదలకు ఇస్తూ వచ్చాను.

ఒకామె మాత్రం తెలుసు. డబ్బు పట్టుకుని వెళ్లి చెప్పాను. ఆమె తిట్టలేదు. కాసేపు ఆలోచించి, "ఆ రవిక బిగుతైందని టైలర్‌ను నానా మాటలన్నానే, గుడ్డ కొట్టేశాడని వీధంతా చెప్పానే" అంది. ఆ టైలర్ అప్పటికే పోయాడు. నేను కొట్టేసింది నాలుగు వేళ్ల గుడ్డేనని అన్నాళ్లూ అనుకున్నాను.

అందుకే అడుగుతున్నా, లెక్క తగ్గిన రోజుల్లో ఆ షాపులో ఎవరినైనా అనుమానించారా? ఎవరి జీతంలోనైనా కోశారా? నీతో పనిచేసిన కుర్రాడొకడు మధ్యలో మానేశాడని రంజాన్‌కు వచ్చినప్పుడు అన్నావు. తనే మానేశాడా, మాన్పించారా? నీ వల్ల అయితే, దాచుకోవచ్చని నేను పైన రాసిన మాట నీకు వర్తించదు. యజమాని ఎదుట కూర్చుని నోరు విప్పాల్సిందే, ఆ కుర్రాడి కాళ్లావేళ్లా పడాల్సిందే. తోడు కావాలంటే చెప్పు, రాత్రి బస్సుకు వస్తాను.

ఆ కుర్రాడి సంగతి కనుక్కుని ఈ వారంలోనే ఫోన్ చెయ్యి. ఎవరికి ఇంత పొడుగు ఉత్తరం అని మీ పెద్దమ్మ అడిగింది. నీకేనని చెప్పాను, ఎందుకో చెప్పలేదు. సలాం చెప్పమంది.

మీ పెదనాన్న