సిగ్నల్ నిండుగా ఉన్నా వైఫై తెగిపోతుంటే ఫ్రేముల నష్టాన్ని చూడండి

మీ ల్యాప్‌టాప్‌లో వైఫై గీతలన్నీ నిండుగా ఉన్నా కనెక్షన్ రోజూ చాలాసార్లు తెగిపోతోందనీ, అదే గదిలో ఫోన్‌కు ఏ ఇబ్బందీ లేదనీ, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల కోసం లినక్స్ మీద కట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్) వేసిన రూటర్ లాగ్‌లో "డిస్‌కనెక్టెడ్ డ్యూ టు ఎక్సెసివ్ మిస్సింగ్ ఏసీకేస్" అన్న వరుస పదేపదే కనబడుతోందనీ రాశారు. సరిగ్గా ఇవే లక్షణాలతో మా ఇంట్లోనూ చాలాకాలం సమస్య ఉండేది కాబట్టి, దాని మూలం ఎలా దొరికిందో వివరంగా చెబుతాను.

ఆ లాగ్ వరుసను బట్టి కనెక్షన్‌ను తెంచుతున్నది రూటరే. రూటర్ ల్యాప్‌టాప్‌కు పంపిన డేటా ఫ్రేములు (వైఫైలో డేటా వెళ్లే చిన్న పొట్లాలు) అందినట్టు ల్యాప్‌టాప్ వెంటనే ఏసీకే అనే చిన్న ఫ్రేమును తిరిగి పంపాలి. అది రాకపోతే రూటర్ అదే ఫ్రేమును మళ్లీ మళ్లీ పంపి, అప్పటికీ జవాబు లేకపోతే దాన్ని పోయినదానిగా లెక్క వేసుకుంటుంది. సాధారణంగా ఇలా వరుసగా 50 ఫ్రేములు పోయాక లినక్స్ వైర్‌లెస్ విభాగం ఆ సంగతిని రూటర్‌లో వైఫై కనెక్షన్లను చూసుకునే హోస్ట్‌ఏపీడీ అనే ప్రోగ్రామ్‌కు తెలియజేస్తుంది, హోస్ట్‌ఏపీడీ ఆ క్లయింట్‌ను, అంటే ఇక్కడ ల్యాప్‌టాప్‌ను, తొలగిస్తుంది. గీతలు మాత్రం రూటర్ సంకేతం ల్యాప్‌టాప్‌కు ఎంత బలంగా చేరుతోందో చెబుతాయే తప్ప, చుట్టూ ఉన్న రణగొణలో ఆ ఫ్రేములను ల్యాప్‌టాప్ తప్పులేకుండా చదవగలుగుతోందా, దాని జవాబు రూటర్‌కు చేరుతోందా అన్నది చెప్పవు.

ముందుగా ల్యాప్‌టాప్ నుంచి రూటర్ సొంత చిరునామాకు పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తోందో చూపే ఆదేశం) పెట్టి వదిలేయండి. పోయిన ఫ్రేములను వైఫై తనంతట తానే మళ్లీ పంపుతుంది కాబట్టి పింగ్‌లో నష్టం సున్నా అనే కనబడవచ్చు. 2, 3 మిల్లీసెకన్లలో రావలసిన జవాబు ఉన్నట్టుండి వందల మిల్లీసెకన్లు తీసుకుంటుంటే, ఇంటర్నెట్ సంస్థకు ఫోన్ చేయవలసిన పని లేదు, లోపం ఇంట్లోని గాలిలోనే ఉంది.

తర్వాత రూటర్‌లోకి లాగిన్ అయి, ఐడబ్ల్యూ అనే వైఫై ఆదేశంతో స్టేషన్ డంప్ (కనెక్ట్ అయి ఉన్న పరికరాల వివరాల జాబితా) తీసి, ల్యాప్‌టాప్ మ్యాక్ చిరునామా (దాని వైఫై గుర్తింపు సంఖ్య) కింద ఉన్న "టీఎక్స్ రిట్రైస్" (మళ్లీ పంపినవి), "టీఎక్స్ ఫెయిల్డ్" (చివరికీ చేరనివి) అంకెలను కొద్ది కొద్ది సేపటికి గమనించండి. మా ఇంట్లో సిగ్నల్ నిలకడగా ఉండగానే, ల్యాప్‌టాప్‌కు తగిలించిన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ మొదలవగానే ఈ రెండు అంకెలూ గబగబా పెరిగేవి. కేబుల్ ఊడదీసిన మరుక్షణం "టీఎక్స్ ఫెయిల్డ్" ఉన్నచోటే ఆగిపోయేది. యూఎస్‌బీ 3.0 కేబుళ్లు, కనెక్టర్ల నుంచి వెలువడే రేడియో రొద వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. మీరు మీ ప్రశ్నలో హార్డ్‌డిస్క్ గానీ యూఎస్‌బీ హబ్ గానీ ఉందో లేదో చెప్పలేదు. ఉంటే మొదటి అనుమానితుడు అదే.

డిస్క్‌ను పొడవాటి, మంచి షీల్డింగ్ ఉన్న కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు దూరంగా జరపడం కొంత మేలు చేసింది. అసలు ఉపశమనం మాత్రం ల్యాప్‌టాప్‌ను వైఫైలోని మరో బ్యాండ్ అయిన 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాకే దక్కింది. మీ ల్యాప్‌టాప్ 2.4 మాత్రమే పట్టగలిగితే, రూటర్‌లో చానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి, 1, 6, 11 చానళ్లలో ఇరుగుపొరుగు రూటర్ల రద్దీ తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

స్టేషన్ డంప్‌లోని "సిగ్నల్" వరుస, రూటర్‌కు మీ ల్యాప్‌టాప్ ఎంత బలంగా వినబడుతోందో చెబుతుంది. అది మైనస్ 80 డీబీఎం (సంకేత బలానికి కొలమానం, సున్నాకు దూరమయ్యే కొద్దీ బలహీనం) దగ్గర ఉంటే సమస్య తిరుగు దారిలో ఉన్నట్టు. అప్పుడు రూటర్ పవర్ పెంచినా ల్యాప్‌టాప్ గొంతు పెరగదు కాబట్టి, రూటర్‌నే టీవీ వెనక నుంచో ఇనుప బీరువా పక్క నుంచో తీసి ఎత్తులో పెట్టండి.

ఏసీకేలు రాని క్లయింట్‌ను తెంచమని చెప్పే "డిసాసోక్ లో ఏసీకే" (disassoc_low_ack) అనే సెట్టింగ్‌ను సున్నా చేయమని కొందరు సలహా ఇస్తారు. దానివల్ల రూటర్ ఆ కారణంతో తెంచడం మానేస్తుంది గానీ ఫ్రేములు పోవడం ఆగదు, వీడియో కాల్ తెగిపోయే బదులు గడ్డకట్టుకుపోతుంది. అందుకని నష్టాన్ని తగ్గించే ముందు దాని జోలికి వెళ్లవద్దని నా గట్టి అభిప్రాయం. డిస్క్ తీసేసి, 5 గిగాహెర్ట్జ్‌కు మారాక కూడా "టీఎక్స్ ఫెయిల్డ్" పెరుగుతూనే ఉంటే, ల్యాప్‌టాప్‌లో వైఫై పవర్ సేవింగ్‌ను ఆపి, డ్రైవర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి, ఆ రెండు అంకెలతో పాటు "సిగ్నల్" వరుసనూ ఇక్కడ రాయండి.