మందు వేసే ముందు పేగు కోసి చూడు

బాబూ,

కోళ్ళు మేత బాగానే తింటున్నాయి కానీ బరువు రావట్లేదు, తురాయిలు పాలిపోయాయి, రెట్ట పల్చగా పడుతోంది, ఏ పురుగుల మందు వేయాలని అడిగావు. ఇప్పుడే ఏదీ వేయకు. ఏలికపాములున్నా, బద్దెపురుగులున్నా, కాక్సిడియా (పేగులో చేరే, కంటికి కనిపించని ఏకకణ పరాన్నజీవి) ఉన్నా కోడి పైకి ఇలాగే ఉంటుంది. కొత్తలో నేను రక్తపు రెట్ట చూసి పురుగులే అనుకుని ఆల్బెండజోల్ పోశాను. తీరా అది కాక్సిడియా వల్ల వచ్చే జబ్బు, కాక్సిడియోసిస్, దాని మీద ఆ మందు పనిచేయదు. తెలిసేసరికి చాలా కోడిపిల్లలు పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పొద్దున్నే షెడ్డులో రెట్ట చూడు. ముదురు గోధుమ రంగులో జిగటగా, ఘాటు వాసనతో అక్కడక్కడా కనిపించేది అంధనాళాల (చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉండే రెండు మూసుకుపోయిన సంచుల) రెట్ట, అది మామూలే, టెన్షన్ పడకు. బియ్యపు గింజల్లాంటి తెల్ల ముక్కలుంటే బద్దెపురుగు అనుకో. చిన్న కోడిపిల్లల్లో ఎర్రటి రక్తం పడితే ముందు కాక్సిడియానే అనుమానించు. ఏమీ కనిపించలేదని మాత్రం నిశ్చింతగా ఉండకు, ఏలికపాములు రెట్టలో ఎప్పుడో గానీ బయటపడవు.

అసలు సంగతి పేగులో తెలుస్తుంది. అప్పుడే చనిపోయిన కోడిని తీసుకో, గంటలు గడిస్తే పేగు కుళ్ళి రంగు మారిపోతుంది, చూసినా లాభం లేదు. ఒక్కసారిగా కోళ్ళు ఎక్కువగా చస్తున్నా, తలలు వాచినా కోయొద్దు, వెంటనే పశువుల డాక్టర్ని పిలువు. కోసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి.

కోయకముందు పేగు పైభాగం చూడు. మధ్య పేగు ఉబ్బి, పైనుంచే తెల్ల చుక్కలు, ఎర్ర చుక్కలు కనిపిస్తే అది కాక్సిడియాలో ఒక రకం. తర్వాత కందనకాయ దగ్గర మొదలుపెట్టి చివరిదాకా కత్తెరతో నిలువునా చీల్చు. చిన్నపేగులో 5 నుంచి 12 సెంటీమీటర్ల తెల్లటి లావు పురుగులుంటే ఏలికపాములు, చదునుగా రిబ్బన్లా కణుపులు కణుపులుగా ఉంటే బద్దెపురుగు. దాని తల పేగు గోడలో దిగి ఉంటుంది కాబట్టి లాగకు, ఆ ముక్కను నీళ్ళలో వేస్తే సాగి స్పష్టంగా కనిపిస్తుంది. వెంట్రుకల్లాంటి పురుగులు మామూలుగా కంటికి ఆనవు, పేగు లోపలి పొర గీకి నీళ్ళలో కలిపి నల్లటి పళ్ళెంలో పోసి చూడాలి.

చాలామంది అంధనాళాలు విప్పకుండానే వదిలేస్తారు, నువ్వు ఆ పని చేయకు. రెండూ చివరిదాకా విప్పు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే కాక్సిడియా. కొసల్లో సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్ల సన్నటి తెల్ల పురుగులుంటే హెటెరాకిస్. అది తనంతట తాను పెద్ద నష్టం చేయదు, కానీ కార్జాన్ని దెబ్బతీసే హిస్టోమోనాస్ అనే ఏకకణ పరాన్నజీవిని మోసుకొస్తుంది, అందుకని కార్జం మీద గుండ్రటి లోతు మచ్చలున్నాయేమో కూడా చూడు.

ఇది కాక షెడ్డులో పదిహేను చోట్ల తాజా రెట్ట తీసి, చల్లగా ఉంచి, అదే రోజు ల్యాబ్‌కి పంపు. పురుగుల గుడ్లు లేవని రిపోర్టు వచ్చినా నమ్మేయకు, ఏలికపాము లోపలికి వెళ్ళాక గుడ్లు పెట్టడానికి 5 నుంచి 8 వారాలు పడుతుంది. కాక్సిడియా కొద్దిగా ఉందన్నా కంగారు పడకు, లిట్టర్ (నేల మీద పరిచే పొట్టు) మీద పెరిగే కోళ్ళలో దాదాపు అన్నింట్లో కొంత ఉంటుంది, పేగు ఎంత దెబ్బతిందన్నదే లెక్క.

రేపు కోసినప్పుడు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపు, ఏది ఏ భాగంలో దొరికిందో కూడా రాయి. కోళ్ళ వయసు మర్చిపోకు.