సైకాలజీ చదివే మేనకోడలికి ఉత్తరం

ఒంగోలు

బుజ్జమ్మా,

మొన్న నెల్లూరు రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగి నువ్వు ఉద్యోగం రొట్టె పట్టుకున్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏ కోరిక ఉంటే ఆ పేరున్న రొట్టె పట్టుకోవాలి కదా. పక్కనే చదువు రొట్టె ఇచ్చేవాళ్లున్నా అటు తిరిగి చూడలేదంట. నీకు భయం పట్టుకుందని అప్పుడే అనుకున్నా. బి.ఏ. సైకాలజీ ఈ ఏడాదితో అయిపోతుంది. నీ క్లాసులో సగం మంది బి.ఎడ్. అంటున్నారు, మిగతావాళ్లు ఎం.బి.ఏ. అంటున్నారు, మీ నాయనేమో బ్యాంకు పరీక్షలకి కోచింగ్ అంటున్నాడు. "అత్తా, నాకు మనుషుల కష్టం వినడం ఇష్టం, దానికి జీతం ఎవరిస్తారు?" అని నువ్వడిగితే ఆ పూట ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ఏ కోర్సులో చేరాలన్నది కాసేపు పక్కన పెట్టు. ఈ చదువు చదివినవాళ్లు పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం చేస్తారో ముందు చూడు. ఎవరి రోజు చూస్తే నీకు అక్కడ కూర్చోవాలనిపిస్తుందో, అక్కణ్ణించి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే ఏ కోర్సు, ఏ పరీక్ష అన్నది అదే తేలుతుంది. మనవాళ్లు తిరగేసి చేస్తారు. సీటు ఎక్కడ వస్తే అక్కడ చేరి, తర్వాత ఈ పని నాకు పడదని ఏడుస్తారు.

నా రోజు ఒకటి చెప్తా విను. ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా, అంటే మానసిక సమస్యల్ని పరీక్షించే ఉద్యోగంలో ఉన్నప్పుడు, వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు ఉందంటే పొద్దున ఎనిమిదికే కనిగిరి, పామూరు వైపు నుంచి బస్సులెక్కి వచ్చిన తల్లులు ఆసుపత్రి వరండా నిండా కూర్చునేవాళ్లు. ఒకసారి ఒక పిల్లాడి ముందు ఫార్మ్ బోర్డు పెట్టాను. చెక్కపలక, అందులో పది గుంటలు, పది చెక్కముక్కలు: గుండ్రం, నలుచదరం, నక్షత్రం, అట్లాంటివి. ఏ ముక్క ఏ గుంటలో పడుతుందో చూసి పెట్టాలి. మూడుసార్లు పెట్టించి, అన్నిటికంటే తక్కువ పట్టిన టైము లెక్కలోకి తీసుకుంటాం. వాడు నక్షత్రాన్ని పట్టుకుని ఎటు తిప్పినా పడటం లేదు. పక్కనున్న తల్లి చెయ్యి తనకు తెలీకుండానే ముందుకొస్తోంది. ఆ చెయ్యి మెల్లిగా పట్టుకుని నా ఒళ్లో పెట్టుకున్నా. ఆమె చెయ్యి వణుకుతోంది. తర్వాత ఆమెనే అడిగాను, అన్నం తనే కలుపుకుని తింటాడా, చొక్కా గుండీలు పెట్టుకుంటాడా, అంగడికి పంపితే చిల్లర తెస్తాడా అని. అది కూడా పరీక్షే, సోషల్ మెచ్యూరిటీ స్కేలు అని నువ్వు పుస్తకంలో చదివుంటావు. ఈ రెండూ, ఇంకో తెలివితేటల పరీక్షా కలిపి చూసి నేను రాసిన రిపోర్టు మీద ఆ పిల్లాడి వైకల్యం శాతం తేలాలి. కనీసం నలభై ఉంటేనే పింఛను. ఎక్కువ రాసినా తప్పు, తక్కువ రాసినా తప్పు. మధ్యాహ్నానికి అట్లాంటి పిల్లలు పదిహేనుమంది అయ్యేవాళ్లు, నాకు అన్నం తినాలనిపించేది కాదు. అయినా మర్నాడు మళ్లీ అక్కడికే పోవాలనిపించేది. నీకూ అట్లా అనిపిస్తుందా లేదా అన్నది నేను చెప్పలేను, చూస్తేనే నీకు తెలుస్తుంది.

ఈ పని మీదే నీకు మనసు పోతే ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకో. ఎం.ఏ. సైకాలజీ పాసైనంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కారు. 1992 నాటి చట్టం కింద నడిచే, పునరావాస నిపుణుల చదువుల్ని గుర్తించే రీహాబిలిటేషన్ కౌన్సిల్, అదే ఆర్.సి.ఐ., దాని రిజిస్టర్లో పేరుండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆర్.సి.ఐ. గుర్తించిన చదువునే అడుగుతుంది. మా రోజుల్లో ఎం.ఏ. తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్.యే ముఖ్యమైన దారి. ఇప్పుడు యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఎం.ఫిల్. డిగ్రీనే తీసేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా గడువిచ్చింది. అందుకని "ఎం.ఏ. చేసి ఎం.ఫిల్.కి పో" అని ఎవరైనా పాత సలహా చెప్తే అది పట్టుకుని కూర్చోవద్దు. ఆర్.సి.ఐ. వెబ్‌సైట్లో ఏ కాలేజీలో ఏ కోర్సుకి ఏ సంవత్సరం దాకా అనుమతి ఉందో జాబితా పెడతారు. ఫీజు కట్టే ముందు ఆ జాబితాలో కాలేజీ పేరు నీ కళ్లతో చూడు. బ్రోషర్లో "క్లినికల్ సైకాలజీ" అని పెద్దక్షరాలతో రాసుంటుంది, ఆర్.సి.ఐ. అనుమతి ఉండదు. రెండేళ్లు చదివి బయటికొచ్చాక రిజిస్ట్రేషన్ రాదంటే ఆ పిల్ల ఎవరి దగ్గరికి పోవాలి?

నేనింత పట్టుబట్టడానికి కారణముంది, మీ నాయనకి కూడా చెప్పని విషయం. ఎం.ఏ. అయిన కొత్తలో ఒక కౌన్సెలింగ్ సెంటర్లో చేరాను. బోర్డు మీద నా పేరు కింద సైకాలజిస్ట్ అని రాసేశారు. నా పక్కన నేర్పేవాళ్లు ఎవరూ లేరు. ముప్పై దాటిన ఒకావిడ వచ్చింది. ఏ పని మీదా మనసు పోవడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది, నీరసం, ఒళ్లు బరువు, జుట్టు రాలిపోతోంది అంది. ఇంట్లో అత్తగారితో పొసగడం లేదని కూడా చెప్పింది. నేను ఆ చివరి మాట పట్టుకున్నా. నాలుగు నెలలు వారం వారం ఆవిడ కాపురం గురించే మాట్లాడించాను. ఆఖరికి వేరే డాక్టరమ్మ ఆవిడ గొంతు దగ్గర చెయ్యిపెట్టి చూసి రక్తపరీక్ష రాస్తే థైరాయిడ్ బాగా తక్కువుందని తేలింది. మాత్రలు మొదలుపెట్టాక మనిషి తేరుకుంది. ఆవిడ నన్నేమీ అనలేదు. పండగకి అరిసెలు కూడా తెచ్చిచ్చింది. ఆ డబ్బా చేతిలో పట్టుకుని నేను ఏడ్చాను. ఆ నెలలోనే ఉద్యోగం మానేసి, పెద్దవాళ్ల చేతికింద నేర్చుకునే చదువుకి పోయాను. ఆరు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టుకోవచ్చని నీకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరైనా చెప్తే ఆవిణ్ణి తలుచుకో.

ఇక ఆసుపత్రి నీకు పడదనుకో, అందులో తక్కువతనం ఏమీ లేదు. దారులు వేరే ఉన్నాయి. నెల్లూరులో ఇంటర్ హాస్టళ్లు నీకు నేను చెప్పాలా! పదహారేళ్ల పిల్లలు అమ్మానాన్నల్ని వదిలి ర్యాంకుల కోసం కూర్చుంటారు. వాళ్లకి నిద్ర ఉందా, తింటున్నారా అని అడిగే మనిషి కావాలి. స్కూళ్లలో కౌన్సెలర్లని పెట్టుకోవాలని సి.బి.ఎస్.ఇ. అడుగుతోంది. ఆ వైపు పోవాలంటే ఎన్.సి.ఇ.ఆర్.టి. నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది, మనకి దగ్గర కేంద్రం మైసూరు. బాలల సంరక్షణ విభాగాల్లో, కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రాల్లో, పెద్దాసుపత్రుల్లోని హెచ్.ఐ.వి. పరీక్షా కేంద్రాల్లో కూడా కౌన్సెలర్లుంటారు. చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలు, జీతం తక్కువ, ఆ మాట దాచను. కానీ రెండేళ్లు అక్కడ పనిచేసినవాళ్లకి మనుషుల గురించి తెలిసేది పుస్తకాల్లో దొరకదు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో ఓపికగా కూర్చోగలిగితే స్పెషల్ బి.ఎడ్. మంచిది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని అట్లాంటి పిల్లల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఒకసారి పోయి చూసిరా.

ఎం.బి.ఏ. చేసి కంపెనీల్లో ఉద్యోగుల వ్యవహారాలు చూసే హెచ్.ఆర్. సంగతి నాకంటే మీ స్నేహితురాళ్లకే బాగా తెలుస్తుంది. అది నీకు నచ్చితే నిరభ్యంతరంగా పో.

పాఠం చెప్పాలని, పరిశోధన చేయాలని ఉంటే యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి. ఎం.ఏ.లో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, క్రీమీ లేయర్ కాని ఓబీసీ, దివ్యాంగులకి 50 శాతం కావాలి కాబట్టి మార్కులు మొదటినుంచీ చూసుకో. ఆ పరీక్షలోనే మంచి మార్కులతో జె.ఆర్.ఎఫ్. వస్తే పరిశోధన చేసుకోవడానికి నెలకి 37,000 ఫెలోషిప్, మీ నాయన మీద ఆధారపడే పని ఉండదు. ఎం.ఏ. ఎక్కడంటావా, మనకి దగ్గరైన తిరుపతిలో, శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీలో సైకాలజీ ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. ఈ రెండిటికీ ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష. పుదుచ్చేరి లాంటి కేంద్రీయ యూనివర్సిటీలకి సి.యు.ఇ.టి. పీజీ. రెండూ రాయి. ఇగ్నోలో దూరవిద్య ఎం.ఏ. ఉద్యోగం చేసుకునేవాళ్లకి బాగానే ఉండేది, కానీ 2025లో యూజీసీ సైకాలజీని దూరవిద్యలో చెప్పకుండా ఆపేసింది. నువ్వింకా చిన్నపిల్లవి, రోజూ క్లాసుకి పోయి, టెస్టులు చేత్తో పట్టుకుని చేసే చోట చదువు.

ఇంకొకటి, నీ పుస్తకాలన్నీ ఇంగ్లీషు. మనవాళ్ల బాధ తెలుగులో ఉంటుంది. వేలంలో పొగాకుకి ధర రాక ఇంటికొచ్చిన రైతు "నాకు డిప్రెషన్" అనడు. "గుండెల్లో బరువుగా ఉందమ్మా, తెల్లార్లూ కళ్లు మూతపడటం లేదు" అంటాడు. వైరస్ వచ్చి రొయ్యల గుంట నష్టపోయిన ఆయన భార్య "అన్నం నోటికి పోవడం లేదు" అంటుంది. కసుమూరు దర్గాలో మూడు రాత్రులు నిద్రచేసి వచ్చామని చెప్తారు. వాళ్లని తక్కువగా చూడొద్దు, అక్కడ ఏం జరిగిందో, మనసుకి ఏమన్నా తేలికైందా అని అడుగు. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఆ మాటలన్నీ వాళ్లన్నది వాళ్లన్నట్టే రాసుకో, పేర్లు మాత్రం రాయొద్దు. నా దగ్గర అట్లాంటి నోటుబుక్కులు పదకొండున్నాయి, నీకిస్తా.

వినీ వినీ నీకే బరువైతే దాచుకోవద్దు. మనసు బాగోనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన 14416 టెలిమానస్ నంబరు పేషెంట్లకే కాదు, మనకీ పనికొస్తుంది. నాకు ఎప్పుడైనా ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే.

మీ నాయనతో నేను మాట్లాడతా. బ్యాంకు కోచింగ్‌కి కట్టాలనుకున్న డబ్బు ఒక సంవత్సరం ఆపమని అడుగుతా. దసరా సెలవులకి రెండు వారాలు నా దగ్గరికి వచ్చెయ్. మంగళ, శుక్రవారాలు నేను పిల్లల స్కూలుకి పోతున్నా, వెంట తీసుకుపోతా. వాళ్లని అడిగే ఉంచాను, మూలన కూర్చుని చూడటానికి ఒప్పుకున్నారు. మెత్తటి చీరో చుడీదారో కట్టుకో, గలగలలాడే గాజులు వద్దు, పిల్లలు వాటినే చూస్తారు. నెల్లూరులో ఏ రైలెక్కావో చెప్తే స్టేషనుకి మీ మామని పంపిస్తా.

ప్రేమతో,
అత్త