జీవాలు, దుమ్ము, కార్తీకం ఎండ: ఫోటోల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు గొర్రెల మందల మీదే. చెనక్కాయ పీకేసినాక చేలు ఖాళీ అయితాయి, మందలు రోడ్ల మీద కనపడతాయి, చేతిలో ఫోన్ ఉన్నోళ్ళకి ఆ దుమ్మూ ఆ ఎండా చూస్తే చెయ్యి ఊరుకోదు కదా. ఐదు ప్రశ్నలు ఏరి జవాబు రాస్తున్నా.

అన్నా, శరత్కాలం ఫోటోలని నెట్‌లో కొడితే అన్నీ పసుపు ఆకులు, ఎర్ర ఆకులే. మా పక్క యాడ చూసినా తుమ్మచెట్లే. మొన్న మధ్యాన్నం మూడుకే పోయి మంద వెంట తిరిగినా, ఒక్కటీ బాగా రాలా, అన్నీ తెల్లగా పాలిపోయినాయి. ఏ టైమ్‌కి పోవాల? (డిగ్రీ స్టూడెంట్, కళ్యాణదుర్గం)

తమ్ముడూ, తుమ్మచెట్టు ఎర్రబడేదాకా కూర్చుంటే నీ డిగ్రీ అయిపోతుంది గానీ ఫోటో రాదు. మనకి రంగు మారేది చెట్ల మీద కాదు, గుట్టల మీద. దసరా దాటినాక బోదగడ్డి ఎండడం మొదలైతుంది, సాయంత్రం ఎండకి ఎదురుగా నిలబడి చూడు, ఒక్కో పోచ అంచున వెలుగు కనపడతది, అదే మన శరత్కాలం.

ఇంక ఎండ సంగతి. ఏప్రిల్ చివర, మళ్ళీ ఆగస్టు రెండో వారంలో సూర్యుడు మనకి సరిగ్గా నడినెత్తిన వస్తాడు. నవంబర్ మొదట్లో కొంచెం దక్షిణానికి జరుగుతాడు, అయినా మిట్టమధ్యాన్నం 60 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అందుకే నువ్వు పోయిన మూడు గంటల ఎండ ఇంకా సుర్రుమంటానే ఉంటది. అనంతపురం పక్క ఆ రోజుల్లో పొద్దు కుంకేది 5:50 ప్రాంతంలో. మెత్తటి ఎండ కావాలంటే ఐదు దాటినాక ఉండే ఆ ముక్కాలు గంటే, అంతకు మించి లేదు. చలిదేశాల్లో సూర్యుడు ఏటవాలుగా నిదానంగా దిగుతాడు, మన దగ్గర దాదాపు నిట్టనిలువునా దిగిపోతాడు, లెన్స్ మార్చుకునే లోపల అయిపోతుంది.

మరి పొద్దున పోవచ్చు కదా అంటావు. పొద్దు పొడిచేది 6:15కి, ఎండ బంగారమే, కానీ ఆ టైమ్‌కి మంద దొడ్లోనే ఉంటది. తడిగడ్డి మేస్తే జీవాలకి రోగాలొస్తాయని మంచు ఆరందే బయటికి తోలరు, బయల్దేరేసరికి తొమ్మిదో పదో. అందుకని పొద్దున గుట్టకి పోవద్దు, దొడ్డికే పో. నాకైతే మంచి ఫోటోలన్నీ అక్కడే వచ్చినాయి. ఒకసారి ఒక ముసలాయన వెదురు గంప ఎత్తుతా ఉంటే కూర్చుని చూసినా, గంప కింద రాత్రంతా కమ్మి పెట్టిన గొర్రెపిల్లలు, అల్లిక సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా వాటి వీపుల మీద పడతా ఉంది, గంప లేస్తానే పిల్లలన్నీ ఒక్కసారి అరుచుకుంటా తల్లుల కిందికి దూరినాయి. ఒక్క పిల్ల వేరే గొర్రె కిందికి పోయింది, ఆ గొర్రె వాసన చూసి తన్నింది, ఆయన దాని చెవి పట్టుకోని తల్లి దగ్గరికి తీసకపోయినాడు. ఇదంతా రెండు నిమిషాల పని. సూర్యుడి టైమ్ యాప్‌లో దొరుకుతుంది తమ్ముడూ, జీవాల టైమ్ మాత్రం కాపరిని అడగాల్సిందే.

సార్, మా దగ్గర తెల్ల గొర్రెలు ఎక్కువ. ఫోన్‌తో తీస్తే గొర్రెలు సున్నం కొట్టినట్టు వస్తాయి, పక్కనే ఉన్న కాపరి ముఖం మసి పూసినట్టు వస్తుంది. ఫోన్ మార్చాలా? (టీచర్, జమ్మలమడుగు)

మార్చొద్దండీ, కొత్తదాంట్లో కూడా అదే వస్తుంది. మీది నల్లరేగడి నేల, అక్కడ ఉంది తిరకాసు. ఎర్రనేల మీద మంద నిలబడితే నేల మీద పడిన ఎండ మళ్ళీ పైకి కొడుతుంది, తెల్ల గొర్రె పొట్ట కింద చూడండి, లేత ఎరుపు తేలుతుంది, కాపరి గడ్డం కింద కూడా అంతే, రుమాలు నీడలో ఉన్న కళ్ళు కూడా కనపడతాయి. నల్లరేగడి ఆ వెలుగునంతా మింగేస్తుంది. అందుకని ఆయన్ని నల్లచేలో నిలబెట్టకుండా జొన్న కోసిన మోళ్ళ దగ్గరో, ఎండ పడిన తెల్లగోడకి ఎదురుగానో మాట్లాడించండి, తేడా మీకే తెలుస్తుంది.

ఫోన్‌లో అయితే స్క్రీన్ మీద తెల్ల గొర్రెని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. నీడని తర్వాత ఎడిటింగ్‌లో కాస్త లేపుకోవచ్చు, పాలిపోయిన తెలుపు మాత్రం వెనక్కి రాదు. ఇంకో మాట, నెల్లూరు జోడిపి జాతి అయితే ఒళ్ళు తెలుపు, కళ్ళ చుట్టూ నల్లమచ్చ, ఆ మచ్చలో కన్ను కలిసిపోయి గుడ్డిదాని మాదిరి వస్తుంది. అది తల ఎండవైపు తిప్పేదాకా ఆగండి, కంట్లో చిన్న మెరుపు వస్తుంది, అప్పుడు నొక్కండి.

అన్నా మావి నల్ల గొర్రెలు, కంబళ్ళు నేసే ఉన్ని. ఫోటోలో బూడిద రంగులో వస్తాండాయి. నాన్న చూసి ఇవి మన జీవాలే కాదంటాడు! (ఇంటర్ అమ్మాయి, రాయదుర్గం)

మీ నాన్న కరెక్టేనమ్మా. కెమెరాకి గొర్రె అని తెలీదు, ముందున్నది ఏదైనా సగటు బూడిద రంగే అనుకుంటది, నల్లది కనపడితే చీకటనుకోని వెలుగు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ మైనస్‌లో పెట్టు, అంటే కెమెరా తీసుకునే వెలుగు సగానికి తగ్గించు, ఫోన్ అయితే ఆ సూర్యుడి గుర్తు కిందికి. వెలుగు పక్కనుంచి పడాల, అప్పుడే ఉన్ని పోగులు విడివిడిగా కనపడతాయి.

మంద వచ్చేటప్పుడు లేచే దుమ్ములో ఎండ పడితే సూపర్‌గా ఉంటుంది కదా, నాకు మాత్రం పసుపు మసక తప్ప ఏం రాదు. (మొబైల్ షాపు కుర్రోడు, పత్తికొండ)

దుమ్ము మెరవాలంటే ఎండ దుమ్ము వెనకాల ఉండాల, నువ్వు ముందుండాల. అయితే సూర్యుడు నేరుగా లెన్స్‌లో పడితే నువ్వు చెప్పిన పసుపు మసకే వస్తుంది, ఏ చింతచెట్టు కొమ్మ చాటునో, కాపరి భుజం వెనకాలో దాన్ని దాచు. వెనకాల గుట్ట నీడ ఉంటే ఇంకా మంచిది, చీకటి మీద దుమ్ము బాగా తేలుతుంది. దుమ్ములో ఆటోఫోకస్ తడబడతది కాబట్టి అన్నిటికన్నా ముందొచ్చే దాని కొమ్ము మీద పెట్టు, షట్టర్ స్పీడు 1/500 (సెకనులో ఐదొందలో వంతు) కన్నా తగ్గించొద్దు. ముందురోజు వాన పడుంటే దుమ్మే లేవదు, పోవడం దండగ. ఇంటికొచ్చినాక లెన్స్‌ని చొక్కాతో తుడవొద్దు, ముందు గాలి కొట్టు, లేకపోతే ఇసకరేణువు గీత పెడుతుంది.

ఇంకోటి, నేను చేసిన ఎదవపని నువ్వు చెయ్యొద్దు. ఒకసారి ఎదురుగా తియ్యాలని మంద కన్నా ముందుకి ఉరికి బాటలో బోర్లా పడుకున్నా. ముందు జీవం బెదిరింది, మంద రెండుగా చీలి సగం పక్కనున్న కందిచేలో పడింది. రైతు వచ్చినాడు, కాపరిని నోటికొచ్చినట్టు తిట్టినాడు, తప్పంతా నాది, తిట్లన్నీ ఆయనకి. పైరు నష్టానికి డబ్బులు నేనే ఇచ్చినా, కానీ ఆ రోజు ఆ మనిషి నా ముఖం చూడలా. చేతనైతే ముందే పోయి కూర్చో, మంద నీ దగ్గరికి రానీ. డ్రోన్ ఊసే ఎత్తొద్దు.

కాపరికి డబ్బులు ఇవ్వాలా? (పులివెందుల)

టీకి, బీడీకి అంటే నేను ఇస్తా, ఫోటోకి రేటు మాత్రం మాట్లాడను. కానీ ముందు అడగండి, ఏం చేస్తారో చెప్పండి, వద్దంటే కెమెరా లోపల పెట్టేయండి. రాత్రి ఎవరి చేలో మంద నిలుపుతున్నారో కనుక్కుంటే రేపు యాడ ఉంటారో తెలుస్తుంది, ఎరువు కోసం రైతులే పిలిచి నిలిపించుకుంటారు కదా, ఊర్లో అడిగితే చెప్తారు. అక్కడికి ప్రింట్ తీసుకోని పోండి. వాట్సాప్ కాదు, కాయితం.

నేను ఒకాయనకి పెద్ద సైజులో వేయించుకోని పోయినా, ఆయన, పక్కన పొట్టేలు, వెనకాల ఎండ, నాకైతే ఆ ఏడాది తీసినవాటిలో అదే నచ్చింది. ఆయన తన ముఖం వైపు చూడనే లేదు, కాయితం అటు తిప్పి ఇటు తిప్పి, "సామీ, పొట్టేలి కొమ్ము యాడ పోయె?" అన్నాడు. నిజమే, ఫ్రేమ్ అంచున సగం కొమ్ము కోసేసినా. మళ్ళీ తీసి, కొమ్ము మొత్తం వచ్చేట్టు ఇంకోటి వేయించి ఇచ్చినా.