పైపు ఎత్తు పెంచితే సిగ్నల్ తగ్గుతదా?

ప్రశ్న: కాకా, మాది మహారాష్ట్ర దిక్కు సిరొంచ. ప్రాణహిత ఒడ్డుకే ఇల్లు. ఇంట్లనే చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్న, సాత్‌బారా (భూమి పత్రం) ప్రింట్లు, పరీక్ష ఫారాలు. సిమ్ మంచిర్యాలల తీసుకున్నది, నెట్టు అవతలి ఒడ్డు టవర్‌ది. మూడు కిలోమీటర్లుంటది, డాబా ఎక్కితే కనబడుతది. నాలుగు మీటర్ల పైపు మీద యాగి యాంటెన్నా (వరుసగ కడ్డీలుండేది) పెట్టిచ్చిన. భాద్రపదంల నది నిండుగున్నప్పుడు నెట్టు ఉరికింది, రౌటర్‌ల సిగ్నల్ బలం మైనస్ 96 చూపెట్టింది. పుష్యం వచ్చేసరికి మైనస్ 112. యాంటెన్నా ఇంచు కూడ కదల్లేదు. అమ్మినాయన "ఇంకో పైపు అతికించు, లేకుంటే సిగ్నల్ పెంచే బూస్టర్ పెట్టుకో" అంటున్నడు. ఏం చేయాలె?

జవాబు: రెండూ వద్దు బిడ్డా. ఉన్న పైపునే రెండు మీటర్లు దించు.

నువ్వు రాసిన 96, 112 చూస్తే చిన్న తేడా అనిపిస్తది. కాదు. ఆ లెక్కల 3 పడిపోతే సిగ్నల్ సగమైనట్టు. 16 పడిపోయిందంటే నలభై వంతుల్ల ఒక వంతు మిగిలినట్టు. యాంటెన్నా కదలకుంటే మరి కదిలిందేంది? నీళ్లు.

టవర్ నుంచి నీ డాబాకు సిగ్నల్ రెండు తొవ్వలల్ల వస్తది. ఒకటి సీదా. ఇంకోటి నది మీద పడి, అద్దం మీద ఎండ పడ్డట్టు, ఎగిరి వస్తది. ఇంత వాలుగ నీళ్లకు తగిలిన అల తిరగబడి లేస్తది: పైకుండాల్సింది కిందికి, కిందుండాల్సింది పైకి. రెండు తొవ్వల పొడుగుల తేడా సరిగ్గ ఒక అలంత, రెండు అలలంత, మూడు అలలంత వచ్చిందనుకో, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. ఇంకో సగం అల అటో ఇటో అయితే కలిసి బలపడుతయి.

లెక్క చేసి చూపిస్త. నీ రౌటర్ 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ల ఉన్నదనుకుందాం, అప్పుడు అల పొడుగు 13 సెంటీమీటర్లు. టవర్ నీళ్ల మీదికెళ్లి 45 మీటర్లు, నీ యాంటెన్నా 13 మీటర్లు (ఒడ్డు 5, డాబా 4, పైపు 4). రెండు ఎత్తులను గుణించి, దాన్ని రెండింతలు చేసి, దూరంతోని భాగించు: 39 సెంటీమీటర్లు. అంటే సరిగ్గ మూడు అలలు, కొట్టేసుకునే చోటు. వానకాలం నీళ్లు రెండు మీటర్లు ఎక్కితే 45 కాస్త 43, 13 కాస్త 11 అయితయి. తేడా 31 సెంటీమీటర్లు, రెండున్నర అలలకు దగ్గర. అందుకే నెట్టు ఉరికింది. నీ ఇంటి ఎత్తులు వేరే ఉంటయి, అంకెలు మారుతయి. కాని ఎత్తు కొన్ని మీటర్లు మారితే మంచి చెడు, చెడు మంచి అయ్యుడు మారదు.

పోయినేడు మా ఇంట్ల నేనే బొక్కబోర్లా పడ్డ. ముప్పై ఏండ్లు వైర్‌లెస్ సెట్లు బాగుచేసినోన్ని, "ఎత్తు పెంచు" అన్నది నా నోటి మంత్రం. ఆ సెట్లు 150 మెగాహెర్ట్జ్‌వి, అల పొడుగు రెండు మీటర్లు. ఇసొంటి దూరంల తేడా సగం అలకు కూడ చేరదు, కనుక ఎంత ఎక్కిస్తే అంత మేలే. అదే బుద్ధితోని రౌటర్‌కు ఆరు మీటర్ల పైపు నిలబెట్టిన. నెట్టు సరిగ్గ రాక రెండు రోజులు తిప్పలు పడ్డ. రాత్రి గాలికి క్లాంపు సడలి పైపు కిందికి జారింది. పొద్దుగాల మనవడు "తాతా, వీడియో ఆగుతలేదు" అని అరిచిండు.

యాంటెన్నా ఎటు పెట్టినవో ఒకసారి చూడు. పొట్టి కడ్డీల దిక్కు టవర్ వైపుండాలె, అన్నింటికన్న పొడుగు కడ్డీ వెనుక. తిరగేసి బిగించినోళ్లను చాలమందిని చూసిన. (ఈ రకం యాంటెన్నాను 1926ల జపాన్‌ల షింతారో ఉదా, హిదెత్సుగు యాగి లోకానికి చెప్పిన్రు. కష్టం ఎక్కువ ఉదాది, పేరు యాగిది.)

కేబుల్ సంగతి చెప్పలేదు నువ్వు. సన్నటి నల్ల వైరు పదిహేను మీటర్లు గుంజి ఉంటే పట్టిన సిగ్నల్‌ల పదో వంతు కూడ రౌటర్‌కు చేరదు. డిష్ టీవీ కేబుల్ దానికన్న నయం. "అది 75 ఓమ్‌లు, రౌటర్ 50 ఓమ్‌లు, పనికిరాదు" అంటరు. ఆ తేడాకు వాపసు పోయే సిగ్నల్ వందల నాలుగు వంతులే. కనెక్టర్ మాత్రం సరిపోయేది కొనుక్కో.

బూస్టర్ జోలికి పోకు. లైసెన్సు లేకుంట పెట్టుడు నేరం. పైగ నీ బూస్టర్ మోత టవర్ చెవుల పడితే ఊరందరి ఫోన్లు మొరాయిస్తయి.

పైపు దించేటప్పుడు అర మీటరుకోసారి ఆగి, రౌటర్‌ల అంకె కాగితం మీద రాయి. ఎండాకాలం ఇసుక దిబ్బలు తేలితే ఈ ఎగిరే సిగ్నల్ బలం తగ్గుతది, ఎత్తు పట్టింపు అంత ఉండదు. కాని మళ్ల నీళ్లెక్కినంక ఇదే పైపును రెండు మీటర్లు పైకి జరపాల్సి వస్తది, కనుక వెల్డింగ్ చేయించకు. పెద్ద పైపుల చిన్న పైపు దూర్చి బోల్టు పెట్టించు.