సింగరేణి కొడుక్కి ఏ ఇంజినీరింగ్? బొగ్గు, చమురు, సోలార్ మధ్య ఒక తండ్రి టెన్షన్

ప్రశ్న: మాది గోదావరిఖని. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గని (ఓసీపీ)లో డంపర్ ఆపరేటర్‌ని. మా అబ్బాయికి ఎంసెట్‌లో 28 వేల ర్యాంకు వచ్చింది. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు రెన్యువబుల్ ఎనర్జీ పేరుతో కొత్త బ్రాంచ్ పెట్టామని, మేనేజ్‌మెంట్ కోటాలో సీటు ఇస్తామని ఫోన్లు చేస్తున్నారు. దుబాయ్‌లో ఉండే మా బావమరిది పెట్రోలియం చదివించమంటున్నాడు. మా వాడేమో బొగ్గు పనైపోయింది, చమురు పని కూడా అయిపోతుంది, భవిష్యత్తంతా సోలార్‌దే అంటున్నాడు. ఇవన్నీ ఎందుకు, నేనే మెడికల్ అన్‌ఫిట్ అయి ఉద్యోగం వాడికి ఇప్పిస్తే పోలా అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఇంట్లో ముగ్గురూ మూడు ఇంధనాల గురించి మాట్లాడుతున్నారు. ముందు ఒక చిక్కు విప్పుకుందాం. మన దేశంలో చమురుతో కరెంటు తయారు కావడం దాదాపు లేదు. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచి కొంటాం. అది లారీలకు, బైకులకు, విమానాలకు పోతుంది. కొంత ప్లాస్టిక్ అవుతుంది. కరెంటు సంగతి వేరు, అది ప్రధానంగా మీరు తవ్వే బొగ్గు నుంచే వస్తుంది. కాబట్టి సోలార్ పలక పోటీపడేది మీ బొగ్గుతోనే గానీ దుబాయ్ చమురుతో కాదు. చమురుకు పోటీ కరెంటు బస్సు, కరెంటు స్కూటర్. కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్లే రైళ్లు డీజిల్ వదిలి ఏనాడో కరెంటు మీదికి మారాయి. అంటే బొగ్గు తగ్గినా, చమురు తగ్గినా ఆ బరువంతా వచ్చి పడేది కరెంటు తీగల మీదే. మీ అబ్బాయి బ్రాంచ్ గురించి నా సలహా అంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

ఇక బొగ్గు పనైపోయిందా అన్నది. 2025 మధ్యకల్లా దేశంలోని విద్యుత్ ప్లాంట్ల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కానిదే. పేపర్లో ఈ వార్త చూసే మీ వాడు ఆ మాట అని ఉంటాడు. అయితే నిజంగా తయారయ్యే యూనిట్లలో సుమారు 70 శాతం ఇప్పటికీ బొగ్గువే. ఈ తేడా ఎందుకో మీ ఊరి పక్కనే కనిపిస్తుంది. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ ప్లాంట్ 2022లో పూర్తయింది. దాదాపు 500 ఎకరాల్లో పరుచుకుని ఉంది. రాత్రుళ్లు, మబ్బు రోజులు లెక్కలో వేసుకుంటే ఇలాంటి ప్లాంట్ ఏడాది సగటున దాని సామర్థ్యంలో ఐదో వంతు దగ్గరే ఇస్తుంది. పక్కనే బొగ్గుతో నడిచే 2,600 మెగావాట్ల థర్మల్ ప్లాంట్‌కు పొద్దు గుంకడంతో పని లేదు. సాయంత్రం ఏడింటికి ఇళ్లలో లైట్లు, ఏసీలు వేసినప్పుడు సోలార్ సున్నా. పగటి కరెంటును దాచి రాత్రి ఇవ్వడం ఎలా అన్నదే ఈ రంగంలో ఇప్పుడు అసలు పని. బ్యాటరీలు అందుకే వస్తున్నాయి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో కరెంటు మిగిలినప్పుడు నీళ్లను తిరిగి పైకి ఎత్తిపోసే 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. అలాంటివి ఇంకా కావాలి.

ఉద్యోగాల విషయంలో ఒక మాట మీకు నేను చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేశారు. ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. ఆ ఉద్యోగాలు తీసింది సోలార్ కాదు. బాయిలు, అంటే భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరగడం, మీరు నడిపే డంపర్ లాంటి యంత్రాలు రావడం. సోలార్‌లోనూ ఇదే తీరు: ప్లాంట్ కట్టేటప్పుడు వందల మంది, నడిపేటప్పుడు కొద్దిమంది. సోలార్ వస్తే ఊరంతా ఉద్యోగాలే అని ఎవరైనా అంటే నేను నమ్మను.

అందుకే మీ వాడికి ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చెప్తాను. రెన్యువబుల్ ఎనర్జీ అనే పేరున్న డిగ్రీ వద్దు. ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే డిస్కంలో అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టుకు నోటిఫికేషన్ వస్తే అడిగేది ఎలక్ట్రికల్ డిగ్రీ. హనుమకొండలో హెడ్డాఫీసు ఉన్న ఎన్పీడీసీఎల్ అయినా, కరెంటును పెద్ద లైన్లలో చేరవేసే ట్రాన్స్‌కో, తయారు చేసే జెన్‌కో అయినా అంతే. ఎన్టీపీసీ అయితే ఇంజినీరింగ్ వాళ్లు రాసే గేట్ పరీక్ష స్కోరు చూస్తుంది. సింగరేణిలోనే ఈ అండ్ ఎం (ఎలక్ట్రికల్, మెకానికల్) మేనేజ్‌మెంట్ ట్రైనీ పోస్టులు పడుతుంటాయి. కొత్త పేరున్న డిగ్రీతో వెళ్తే, అది ఎలక్ట్రికల్‌కు సమానమేనా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. సోలార్ మీద ఇష్టముంటే మూడో ఏడాదిలో ఎలక్టివ్‌గానో, తర్వాత ఎంటెక్‌లోనో తీసుకోవచ్చు. కోడింగ్ మాత్రం మొదటి ఏడాది నుంచే నేర్చుకోవాలి, ఎందుకంటే ప్లాంట్ల నుంచి ఇళ్లదాకా కరెంటు మోసే గ్రిడ్ ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది.

పెట్రోలియం గురించి మీ బావమరిది చెప్పింది పూర్తిగా తప్పు కాదు. చమురు రేపే అయిపోదు. కానీ ఆ రంగంలో ఉద్యోగాలు పీపా ధరను బట్టి ఊగుతుంటాయి. 2014లో 100 డాలర్ల పైన ఉన్న ధర 2016 జనవరికల్లా 30 డాలర్ల కిందికి పడిపోయింది, కంపెనీలు జనాన్ని తీసేశాయి. 2020 ఏప్రిల్‌లో అమెరికా ముడి చమురు ధర ఒకరోజు సున్నా కంటే కిందికి పోయింది. విశాఖలోని పెట్రోలియం అండ్ ఎనర్జీ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట సీటు వస్తే మాట వేరు, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ కావాలి. ఊరూపేరూ లేని కాలేజీలో ఇంత ఇరుకు బ్రాంచ్ మాత్రం వద్దు. రిఫైనరీలు ఎక్కువగా తీసుకునేది కెమికల్, మెకానికల్ వాళ్లనే.

అన్‌ఫిట్ సంగతి ఉత్తరం చివర్లో రాశారు గానీ, మీ మనసులో ముందున్నది అదే అనుకుంటున్నాను. నిజంగా జబ్బు ఉంటే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లడం మీ హక్కు, అందులో సంకోచం అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉండి అన్‌ఫిట్ చేయించుకోవడం మోసం. డబ్బులిస్తే చేయిస్తామనే మధ్యవర్తి దొరికితే డబ్బూ పోతుంది, కేసూ మీద పడుతుంది. ఒకవేళ ఉద్యోగం వచ్చినా మీ వాడు చేరేది జనరల్ అసిస్టెంట్‌గా. ఇంజినీరింగ్ సీటు చేతికొచ్చే పిల్లాడు అక్కడ మొదలుపెట్టడం ఎందుకు? మీ జీతం నడుస్తుండగానే వాడి చదువు అయిపోనివ్వండి.

వెబ్ ఆప్షన్లలో మీకు దగ్గరగా సెంటినరీ కాలనీలో ఉన్న జేఎన్‌టీయూ మంథని కాలేజీ, వరంగల్‌లోని కాకతీయ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ ఈఈఈలను పైన పెట్టండి. వాటి కింద ల్యాబులు బాగున్న ప్రైవేటు కాలేజీల ఈఈఈ, ఆ తర్వాత మెకానికల్. పోయిన ఏడాది చివరి రౌండ్ కటాఫ్‌లను మీ రిజర్వేషన్ కేటగిరీ ప్రకారం చూసుకోండి, ఓపెన్ కటాఫ్ చూసి భయపడొద్దు. ఫోన్ చేస్తున్న కాలేజీకి కౌన్సెలింగ్ రౌండ్లన్నీ అయ్యేదాకా అడ్వాన్సు కట్టకండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు అసలే ఇవ్వకండి. రౌండ్లన్నీ అయ్యాక కూడా ఈఈఈ, మెకానికల్ రెండూ రాకపోతే మళ్లీ రాయండి, వచ్చిన బ్రాంచ్‌ను బట్టి మాట్లాడుకుందాం.