జూలైలో వాన లేకపోయినా కోలోబ్ క్రీక్‌కి (అమెరికాలోని యూటాలో, జయాన్ నేషనల్ పార్క్‌లో తాడుతో దిగే ఇరుకు లోయ) పర్మిట్ ఎందుకు దొరకలేదు?

వాన వల్ల కాదండీ, పైన కోలోబ్ రిజర్వాయర్ నుంచి నీళ్లు వదులుతూ ఉండి ఉంటారు. ఎండాకాలంలో దిగువ అవసరాలకు వదిలే నీరు నేరుగా ఆ ఇరుకు కాన్యన్‌లోంచే వస్తుంది. ఆకాశం ఎంత తేటగా ఉన్నా లాభం లేదు.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: స్ప్రింగ్‌డేల్ గేజ్ (నదిలో నీటి ప్రవాహాన్ని కొలిచే చోటు) చూసి "తక్కువే ఉంది" అనుకుంటారు. అది వర్జిన్ నది ఉత్తర పాయ మొత్తం లెక్క. ఆ నదిలోనే నడుచుకుంటూ వెళ్లే నారోస్ లోయకి అది సరిపోతుంది (120 క్యూసెక్కులు దాటితే పైనుంచి దిగే పర్మిట్ ఇవ్వరు, 150 దాటితే మూసేస్తారు). విశాలమైన నదిలో తెలియని కొద్దిపాటి నీరే కోలోబ్‌లో తాడు మీద దిగేవాళ్ల నెత్తిన జలపాతమై పడుతుంది. తాడు ఇరుక్కుని మధ్యలో ఆగిపోతే ఆ నీటి కింద ఊపిరాడదు. 1993లో విడుదల నడుస్తుండగా అక్కడ ఇద్దరు చనిపోయారు.

1. రిజర్వాయర్ విడుదల ఎంతో విడిగా చూడండి. వాషింగ్టన్ కౌంటీ వాటర్ కన్సర్వెన్సీ డిస్ట్రిక్ట్‌ని అడగండి.
2. బయల్దేరే రోజు పొద్దున జయాన్ పర్మిట్ డెస్క్‌లో మళ్లీ అడగండి.
3. విడుదల ఆగాకే తేదీ పెట్టుకోండి. అప్పుడు కూడా మడుగుల్లో నీళ్లు గడ్డకట్టేంత చలిగా ఉంటాయి, వెట్‌సూట్ తప్పనిసరి.